సొంతంగా చేసిన గిటార్‌కు పికప్ అమర్చడం: తీగ వెనుక ఉన్న భౌతికశాస్త్రం

1963 ఆగస్టులో లండన్ శివారు ఫెల్థమ్‌లో పదహారేళ్ల బ్రయాన్ మే, అతని తండ్రి హెరాల్డ్ కలిసి ఒక ఎలక్ట్రిక్ గిటార్ తయారుచేయడం మొదలుపెట్టారు. దుకాణాల్లో దొరికే మంచి గిటార్లు కొనే స్తోమత ఆ కుటుంబానికి లేదు. తండ్రికి ఎలక్ట్రానిక్స్ తెలుసు, కొడుక్కి భౌతికశాస్త్రమంటే ఇష్టం. పాత చలిమంట గూటి చుట్టూ ఉన్న మహాగని చెక్కతో గిటార్ నెక్ తయారైంది. పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. పాత బల్ల నుంచి ఓక్ చెక్క, మోటార్‌సైకిల్ ఇంజిన్ నుంచి వాల్వ్ స్ప్రింగులు, అమ్మ కుట్టుపెట్టె నుంచి ముత్యపుచిప్ప గుండీలు వచ్చి చేరాయి. ‘రెడ్ స్పెషల్’ అనే ఆ గిటార్‌నే తర్వాత ‘క్వీన్’ బృందంలో బ్రయాన్ మే దశాబ్దాలపాటు వాయించారు. 2007లో ఆయన లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి ఖగోళ భౌతికశాస్త్రంలో పిహెచ్.డి. కూడా పూర్తిచేశారు.

చెక్కపని, లోహపని ఇంట్లోనే సాధించిన ఆ తండ్రీకొడుకులకు పికప్‌ల దగ్గర మాత్రం ఓ విచిత్రమైన ఇబ్బంది ఎదురైంది. బ్రయాన్ మే చిన్న అయస్కాంతాలు తెచ్చి, సన్నని రాగితీగ చుట్టి సొంతంగా పికప్‌లు చేశారు. అవి పనిచేశాయి. కానీ తీగను పక్కకు లాగి వాయించినప్పుడు స్వరం దెబ్బతినేది. కారణం చేతిపనిలో లేదు, అయస్కాంతాలను అమర్చిన తీరులో ఉంది. అది అర్థం కావాలంటే ముందు పికప్ ఏం చేస్తుందో చూడాలి.

పికప్ దేన్ని పట్టుకుంటుంది?

చాలామంది పికప్‌ను గిటార్‌లో దాచిన మైకు అనుకుంటారు. మైకులోని పల్చటి పొరను గాలిలోని పీడన తరంగాలు కదిలిస్తాయి. అయస్కాంత పికప్‌కు గాలితో పనిలేదు. గాలి లేని గదిలో మీటినా అది సంకేతం ఇస్తుంది. అది గమనించేది ఒక్కటే: తన పైనున్న ఉక్కు తీగ ఎంత వేగంగా కదులుతోంది?

దాని నిర్మాణం సులభం. శాశ్వత అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్ల సన్నని రాగితీగ. పైన ఉన్న గిటార్ తీగను ఈ అయస్కాంతం తాత్కాలికంగా ఒక చిన్న అయస్కాంతంగా మారుస్తుంది. తీగను మీటగానే ఆ చిన్న అయస్కాంతం పైకీ కిందికీ ఊగుతుంది. దాంతో కాయిల్ గుండా వెళ్లే అయస్కాంత అభివాహం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అభివాహం మారితే కాయిల్‌లో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో చూపించారు. పదో తరగతి పాఠంలో కాయిల్‌లోకి కడ్డీ అయస్కాంతాన్ని దూర్చి తీసే ప్రయోగం ఇదే. ఇక్కడ కడ్డీ స్థానంలో గిటార్ తీగ ఉంది, అది సెకనుకు వందల సార్లు ఊగుతుంది.

తీగ సెకనుకు 110 సార్లు కంపిస్తే కాయిల్‌లో 110 హెర్ట్జ్ సంకేతం పుడుతుంది. దాని పరిమాణం సాధారణంగా వోల్టులో పదో వంతు నుంచి ఒక వోల్టు దాకా ఉంటుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెంచి స్పీకర్‌కు పంపుతుంది.

ఈ ఆలోచనను గిటార్‌కు విజయవంతంగా వాడిన తొలివారిలో అమెరికాకు చెందిన జార్జ్ బోషాంప్ ముఖ్యుడు. 1931లో ఆయన రూపొందించిన నమూనా గుండ్రని ఒళ్లు, పొడవాటి నెక్‌తో అచ్చం పెనంలా ఉండటంతో దానికి ‘ఫ్రయింగ్ పాన్’ అన్న పేరు స్థిరపడింది. 1937లో దానికి పేటెంట్ లభించింది. తొమ్మిది దశాబ్దాలు దాటినా పికప్ మూలసూత్రం మారలేదు. అందుకే ఇంట్లో చేసిన గిటార్‌కు కూడా దీన్ని అమర్చుకోవడం సాధ్యం.

ఏ తీగలు పనికొస్తాయి?

అయస్కాంతానికి స్పందించే తీగలే పనికొస్తాయి. ఉక్కు, నికెల్ చుట్టిన ఉక్కు బాగా పనిచేస్తాయి. క్లాసికల్ గిటార్‌లోని నైలాన్ తీగల కింద ఎంత మంచి పికప్ పెట్టినా మౌనమే మిగులుతుంది.

మామూలు అకౌస్టిక్ గిటార్ల విషయంలో ఒక చిక్కుంది. వాటి లావు తీగలకు లోపల ఉక్కు, పైన కంచు చుట్టు ఉంటుంది. కంచు అయస్కాంతానికి స్పందించదు. అంటే లావు తీగలో పికప్‌కు కనిపించేది లోపలి సన్నని ఉక్కు మాత్రమే. చుట్టు లేని పై రెండు తీగలు పూర్తిగా ఉక్కువి కాబట్టి అవి మిగతావాటికన్నా బిగ్గరగా వినిపిస్తాయి. పికప్ పెట్టాక తీగల మధ్య సమతూకం పోయిందని అనిపిస్తే, ముందు మార్చి చూడాల్సింది తీగలనే.

వీణకు అయస్కాంత పికప్ పెట్టేవారికీ ఇదే చిక్కు. సారణి, పంచమ తీగలు ఉక్కువి. మంద్ర, అనుమంద్ర తీగల్లో ఇత్తడి, కంచు వంటి లోహాలు వాడతారు. అయస్కాంతం దృష్టిలో ఈ రెండు రకాలూ ఒకటి కావు. ఒళ్లు కంపించే తీరును పట్టుకునే పీజో రకం పరికరాలను వీణ వాద్యకారులు వాడటానికి ఇదొక కారణం.

కిలోమీటరు రాగితీగ

పికప్‌లో వాడే రాగితీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు. తల వెంట్రుకతో పోల్చదగినంత సన్నం. పైన ఎనామెల్ పూత ఉంటుంది, చుట్లు ఒకదానికొకటి తగిలినా విద్యుత్తు అడ్డదారిన పోకుండా అదే కాపాడుతుంది. ఒక కాయిల్ గల పికప్‌లో ఇలాంటి చుట్లు దాదాపు 8,000 ఉంటాయి. ఒక్కో చుట్టు 14 సెంటీమీటర్లనుకుంటే మొత్తం తీగ కిలోమీటరు దాటుతుంది. మల్టీమీటర్‌తో కొలిస్తే నిరోధం 5 నుంచి 8 కిలో ఓమ్‌ల మధ్య కనిపిస్తుంది.

మన ఊళ్లలో మోటార్లు వైండింగ్ చేసే దుకాణాల్లో ఎనామెల్ రాగితీగ దొరుకుతుంది. అయితే ఫ్యాన్లకు, పంపులకు వాడే తీగ దీనికన్నా చాలా లావు. దాంతో 8,000 చుట్లు చుడితే గిటార్‌లో పట్టదు. అందుకే గేజ్ చెప్పి అడగాలి, 42 గేజ్ అమెరికన్ కొలత దీనికి సరిపోతుంది.

చుట్లు పెంచితే సంకేతం పెరుగుతుంది, కానీ స్వరం మారుతుంది. కాయిల్‌కు ప్రేరకత్వం ఉంటుంది, ఆంప్లిఫయర్‌కు వెళ్లే కేబుల్‌కు కెపాసిటెన్స్ ఉంటుంది. రెండూ కలిసి ఒక అనునాద వలయంగా పనిచేస్తాయి. పికప్ ప్రేరకత్వం 2.5 హెన్రీలు, కేబుల్‌తో కలిపి కెపాసిటెన్స్ 600 పికోఫారడ్‌లు అనుకుంటే అనునాద పౌనఃపున్యం సుమారు 4,100 హెర్ట్జ్ వస్తుంది. మనిషి చెవి చాలా చురుగ్గా ఉండే ప్రాంతమిది. పికప్ స్వరానికి మెరుపు ఇక్కడే వస్తుంది. చుట్లు పెరిగితే ప్రేరకత్వం పెరిగి ఈ శిఖరం కిందికి జారుతుంది, స్వరం మందంగా మారుతుంది. పొడవాటి కేబుల్ వాడినా ఇదే ఫలితం. ఒకే గిటార్ మూడు మీటర్ల కేబుల్‌తో ఒకలా, పది మీటర్ల కేబుల్‌తో మరోలా వినిపించడానికి కారణం ఇదే.

చుట్లు వదులుగా ఉంటే ఇంకో సమస్య వస్తుంది. స్పీకర్ శబ్దానికి ఆ చుట్లే అదిరి, అయస్కాంత క్షేత్రంలో కదిలి, తమంతట తామే సంకేతం పుట్టిస్తాయి. అది మళ్లీ స్పీకర్‌లోకి వెళ్లి కీచుమనే అరుపుగా మారుతుంది. దీన్ని ఆపడానికి కాయిల్‌ను కరిగించిన మైనంలో ముంచుతారు. పారఫిన్ మైనంలో కొంచెం తేనెమైనం కలిపి, వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. మంటపై నేరుగా పెడితే మైనం అంటుకుంటుంది. బ్రయాన్ మే ఇదే పనికి అరాల్‌డైట్ జిగురు వాడారు.

లాగిన తీగ ఎందుకు మూగబోయింది?

ఇప్పుడు ఫెల్థమ్ పికప్‌ల సంగతి. బ్రయాన్ మే సొంతంగా చేసిన పికప్‌లో ఒక్కో తీగ కింద ఒక్కో అయస్కాంతం ఉంది. కానీ వాటి ధ్రువాలు ఒకటి విడిచి ఒకటి మారుతూ ఉన్నాయి. ఒక తీగ కింద ఉత్తర ధ్రువం పైకి ఉంటే, పక్క తీగ కింద దక్షిణ ధ్రువం పైకి ఉంది.

తీగ తన స్థానంలో ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. వాద్యకారుడు వేలితో తీగను పక్కకు లాగినప్పుడు అది ఉత్తర ధ్రువం పైనుంచి జరిగి పక్కనున్న దక్షిణ ధ్రువం వైపు వెళ్తుంది. మధ్యలో ఒకచోట రెండింటి ప్రభావం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. అక్కడ తీగలోని అయస్కాంతత్వం దాదాపు మాయమవుతుంది, దాంతో సంకేతం పడిపోతుంది. ఇంకా ముందుకు జరిగితే సంకేతం తిరిగి వస్తుంది, కానీ తలకిందులుగా వస్తుంది. లాగిన స్వరం పాడుతూ పాడుతూ మధ్యలో గొంతు మింగినట్టవుతుంది.

అన్ని అయస్కాంతాల ధ్రువాలూ ఒకే వైపు ఉంటే ఈ గొడవ ఉండదు. తీగ ఒక ఉత్తర ధ్రువం నుంచి మరో ఉత్తర ధ్రువం వైపు జరుగుతుంది. మధ్యలో కొంచెం బలహీనపడినా మూగబోదు. చివరికి బ్రయాన్ మే ‘బర్న్స్’ సంస్థ తయారుచేసిన ‘ట్రై-సోనిక్’ పికప్‌లు మూడు కొని అమర్చారు. ఒక్కో పికప్‌కు రెండు స్విచ్‌లు పెట్టారు. ఒకటి దాన్ని కలపడానికి లేదా తీసేయడానికి, రెండోది దాని సంకేతాన్ని తలకిందులు చేయడానికి.

కర్ణాటక సంగీతం వాయించాలనుకునేవారికి ఈ విషయం మరింత ముఖ్యం. గమకానికి తీగను పక్కకు లాగడం అక్కడ అప్పుడప్పుడూ చేసే అలంకారం కాదు, స్వరానికి ప్రాణమే అది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్‌ను కర్ణాటక కచేరీ వేదికపై నిలబెట్టారు. ఆయన వాయించినది నాలుగు జతల తీగల మామూలు మాండొలిన్ కాదు, ఐదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్. మామూలు మాండొలిన్‌పై మీటిన స్వరం త్వరగా ఆరిపోతుంది. ఎలక్ట్రిక్ వాద్యంలో బలహీనపడుతున్న కంపనాన్ని కూడా ఆంప్లిఫయర్ పెంచి వినిపిస్తుంది కాబట్టి ఒకే మీటుపై పొడవైన గమకం పలికించే వీలుంటుంది. ఇలాంటి వాద్యానికి పికప్ చేసేవారు అన్ని ధ్రువాలనూ ఒకే వైపు ఉంచాలి. తీగకొక్క అయస్కాంతం బదులు తీగలన్నిటి కిందా అడ్డంగా ఒకే ఉక్కు పట్టీ పెట్టి, దాన్ని కింది నుంచి అయస్కాంతంతో బలపరిచినా సరే. తీగ ఎటు జరిగినా దాని కింద పట్టీ ఉంటుంది.

ఎక్కడ బిగించాలి, ఎంత దగ్గరగా?

చెక్కలో గుంట తవ్వాక వెనక్కి తీసుకోవడం కష్టం కాబట్టి పికప్ స్థానం ముందే నిర్ణయించుకోవాలి. తీగ రెండు చివరలా బిగించి ఉంటుంది కనుక అక్కడ కదలిక సున్నా, మధ్యలో ఎక్కువ. 648 మిల్లీమీటర్ల తీగ ఉన్న గిటార్‌లో బ్రిడ్జ్ నుంచి 40 మిల్లీమీటర్ల దూరంలో పికప్ పెడితే మూలస్వరం కొంచెమే అందుతుంది. 162 మిల్లీమీటర్ల దగ్గర పెడితే అది మూడున్నర రెట్లకు పైగా అందుతుంది. అందుకే బ్రిడ్జ్ పక్కనున్న పికప్ పదునుగా, నెక్ పక్కనున్నది గుండ్రంగా వినిపిస్తాయి.

అయితే ఆ 162 మిల్లీమీటర్ల చోటు తీగ పొడవులో సరిగ్గా నాలుగో వంతు. విడి తీగ మీటినప్పుడు నాలుగో హార్మోనిక్‌కు అది అస్పందన స్థానం. అక్కడ ఆ హార్మోనిక్ కదలదు కనుక పికప్‌కు అందదు. ఫ్రెట్ మీద వేలు పెట్టగానే తీగ పొడవు మారి అస్పందన స్థానాలూ జరిగిపోతాయి. అన్ని స్వరాలకూ సరిపోయే ఒకే చోటు ఉండదు. ఒకే పికప్ పెట్టేవారు తమకు నచ్చిన స్వరాన్ని బట్టి ఎంచుకోవాలి. చాలా గిటార్లలో రెండు మూడు పికప్‌లు ఉండటం ఇందుకే.

ఎత్తు విషయంలో ఆశ పనికిరాదు. దగ్గరగా పెడితే సంకేతం పెరిగేమాట నిజమే. కానీ అయస్కాంతం తీగను తన వైపు లాగుతూ దాని సహజ కంపనాన్ని చెడగొడుతుంది. ఒకే స్వరంలో రెండు స్వరాలు కొట్టుకుంటున్నట్టు అలలు అలలుగా వినిపిస్తే పికప్ మరీ దగ్గరగా ఉందని అర్థం. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టినప్పుడు తీగకూ పికప్‌కూ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎడం ఉంచి మొదలుపెట్టడం మంచిది. పాత హార్డ్ డిస్కుల నుంచి తీసిన నియోడిమియం అయస్కాంతాలు వాడితే లాగుడు ఎక్కువ, అప్పుడు ఇంకా దూరం కావాలి.

గుయ్యిమనే శబ్దం

పికప్ అమర్చి ఆంప్లిఫయర్‌కు కలపగానే చాలామందికి ముందు వినిపించేది గుయ్యిమనే హోరు. ఇళ్లలోని 50 హెర్ట్జ్ విద్యుత్తు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ, తీగల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం కూడా అలాగే మారుతుంది. 8,000 చుట్ల కాయిల్‌కు గిటార్ తీగ అభివాహమూ ఒకటే, ట్రాన్స్‌ఫార్మర్ అభివాహమూ ఒకటే. రెండింటినీ విద్యుత్తుగా మార్చేస్తుంది.

గిబ్సన్ సంస్థ ఇంజనీరు సేత్ లవర్ దీనికి తెలివైన పరిష్కారం కనిపెట్టి 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. రెండు కాయిళ్లు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో సంకేతం రెండోదానికి ఎదురుగా వచ్చేలా కలపాలి. బయటి హోరు రెండింటిలోనూ ఒకేలా పుడుతుంది కాబట్టి ఎదురెదురుగా కలిసి రద్దవుతుంది. మరి తీగ సంకేతం కూడా రద్దవదా? అవకుండా రెండో కాయిల్‌లో అయస్కాంత ధ్రువాన్ని కూడా తిప్పేస్తారు. ధ్రువం ఒకసారి, కాయిల్ ఒకసారి తలకిందులైతే తీగ సంకేతం మళ్లీ మొదటి దారికే వచ్చి రెండూ కలుస్తాయి. ‘హంబకర్’ అనే పేరుకు ‘హోరును ఎదిరించేది’ అని అర్థం.

గిటార్ లోపల రాగి రేకు అతికిస్తే హోరు పూర్తిగా పోతుందన్న నమ్మకం ఉంది. రాగి రేకును ఎర్త్‌కు కలిపితే విద్యుత్ క్షేత్రం వల్ల వచ్చే చిటపటలు, బరబరలు తగ్గుతాయి. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం మాత్రం పల్చటి రాగి గుండా దాదాపు అడ్డులేకుండా వెళ్లిపోతుంది. దానికి రెండు కాయిళ్ల ఉపాయమో, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా జరగడమో తప్ప రేకుతో పని జరగదు.

ప్రాణాలతో ముడిపడిన ఒక తీగ

గిటార్ లోపల బ్రిడ్జ్ నుంచి కేబుల్ ఎర్త్ వైపుకు ఒక చిన్న తీగ కలుపుతారు. వాద్యకారుడు తీగలను తాకగానే హోరు తగ్గడానికి కారణం అదే. మనిషి శరీరం చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రాన్ని పట్టుకుని పికప్‌కు చేరవేస్తుంది, ఎర్త్‌కు కలిసిన తీగలను తాకితే ఆ దారి మూసుకుపోతుంది.

కానీ దీని అర్థం ఇంకొకటి కూడా. గిటార్‌లోని ప్రతి ఉక్కు తీగా కేబుల్ ద్వారా ఆంప్లిఫయర్ లోహపు పెట్టెకు నేరుగా కలిసి ఉంటుంది. ఆంప్లిఫయర్ సరిగా ఎర్త్ అయి ఉన్నంతవరకు ఇది క్షేమం. త్రీ పిన్ ప్లగ్‌లోని లావు పిన్ను ఎర్త్‌ది. హోరు పోతుందని ఆ పిన్ను తీసేయడం, టూ పిన్ అడాప్టర్‌లో గుచ్చడం, ఎర్త్ లేని పాత వైరింగ్ ఉన్న ఇంట్లో వాడటం చాలాచోట్ల కనిపిస్తాయి. అప్పుడు ఆంప్లిఫయర్ లోపల ఎక్కడైనా లీకేజీ వస్తే 230 వోల్టులు గిటార్ తీగల మీదికి రాగలవు. అదే సమయంలో వాద్యకారుడు ఎర్త్ అయిన మైకునో తడి నేలనో తాకితే విద్యుత్తు ఒంటి గుండా పోతుంది. దీనికి తిరుగుడు కూడా నిజమే: గిటార్ ఎర్త్ అయి ఉండి, మైకులో కరెంటు ఉన్నా ప్రమాదమే. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో ‘స్టోన్ ద క్రోస్’ బృందం గిటారిస్టు లెస్లీ హార్వే ఎర్త్ సరిగా లేని మైకును తాకి వేదికపైనే విద్యుదాఘాతంతో మరణించారు.

ఇంట్లో తయారుచేసిన గిటార్‌ను మొదటిసారి ప్లగ్‌లో పెట్టేముందు సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న వైరింగ్ అయితే లీకేజీ వచ్చిన క్షణాల్లోనే సరఫరా ఆగిపోతుంది. ఈ సదుపాయాలు లేనిచోట 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయర్ వాడితే మెయిన్స్ విద్యుత్తు ప్రసక్తే ఉండదు. హోరు కూడా చాలావరకు తగ్గుతుంది.

బిగించే ముందు నాలుగు పరీక్షలు

స్క్రూలు బిగించాక తప్పు దొరికితే మళ్లీ అన్నీ విప్పాలి. అందుకే ఈ పరీక్షలు బల్లమీదే చేయాలి.

మొదటిది, మల్టీమీటర్‌తో కాయిల్ నిరోధం కొలవడం. కొన్ని కిలో ఓమ్‌లు చూపిస్తే సరే. మీటర్ అనంతం చూపిస్తే తీగ ఎక్కడో తెగింది. చాలాసార్లు కాయిల్ మొదట్లోనో చివర్లోనో, టంకం పెట్టినచోట తెగుతుంది.

రెండోది, దిక్సూచితో ధ్రువాలు చూడడం. పికప్ పైభాగం వెంట దిక్సూచిని నెమ్మదిగా జరిపితే సూది ఒకే కొనను పికప్ వైపు చూపాలి. మధ్యలో సూది తిరగబడితే బ్రయాన్ మేకు ఎదురైన సమస్యే ఇక్కడా ఉంది.

మూడోది, రెండు పికప్‌లు ఉంటే అవి ఒకే దిశలో ఉన్నాయో లేదో చూడడం. సూది ఉన్న పాత రకం మీటర్‌ను తక్కువ వోల్టేజీ డీసీ స్థాయిలో పెట్టి, పికప్‌పై స్క్రూడ్రైవర్‌ను టక్కున ఆనించాలి. సూది ఒకవైపు తుళ్లిపడుతుంది, స్క్రూడ్రైవర్ తీసేస్తే రెండోవైపు తుళ్లుతుంది. రెండు పికప్‌లకూ ఆనించినప్పుడు సూది ఒకేవైపు వెళ్లాలి. వేర్వేరు వైపులకు వెళ్తే ఒకదాని రెండు వైర్లు మార్చి కలపాలి. లేకపోతే రెండూ కలిపి వాయించినప్పుడు మూలస్వరం చాలావరకు రద్దయి గొంతు పీలగా వినిపిస్తుంది.

నాలుగోది, ఆంప్లిఫయర్‌ను తక్కువ వాల్యూమ్‌లో పెట్టి స్క్రూడ్రైవర్‌తో ఒక్కో అయస్కాంతాన్నీ మెల్లగా తట్టడం. ప్రతి చోటా ఇంచుమించు ఒకే గట్టిదనంతో ‘టక్’ అని వినిపిస్తే పికప్ సిద్ధమైనట్టే. ఇక గిటార్‌లో బిగించి, తీగలు వేసి, సన్న తీగలు, లావు తీగలు సమంగా పలికేదాకా ఎత్తు స్క్రూలను కొంచెం కొంచెంగా తిప్పుతూ సరిచేసుకోవడమే మిగిలింది.